ఏడ్చినాయన, ఆవాలు తెమ్మన్నాయన

"ఒక్క పిడికెడు వెయ్యమ్మా" అని పాస్టర్‌గారు రెండుసార్లన్నా మా ఫ్రెండ్ గుప్పిట విప్పలేదు. నారాయణగూడ సమాధుల తోట మట్టి, గోళ్లలోకి దిగిపోయింది. వాళ్ల నాన్నగారి పెట్టె మీద అప్పటికే పూలు నిండిపోయాయి.

బైబిల్లో, చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చిన భాగం చదివారు. కాసేపట్లో తనే అతణ్ణి బతికించి లేపబోతున్నాడు కదా, అయినా ఏడ్చాడు! నాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

తిరిగొస్తుంటే ట్యాంక్‌బండ్ దగ్గర బుద్ధుణ్ణి చూసి కిసాగోతమి గుర్తొచ్చింది. చనిపోయిన బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిని, చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడాయన. ఇల్లిల్లూ తిరిగాక గానీ ఆమె బిడ్డను వదల్లేకపోయింది.

బుద్ధుడు దుఃఖానికి మూలం చూపించి, దాటే దారి చెప్పాడు. యేసు అందులోకే దిగి సిలువ దాకా మోశాడు.

రెండూ నాకు కావాలి. కానీ ఈ వారం తనకి ఆవాల మాట చెప్పను. రేపు పొద్దున్నే వాళ్లింటికి వెళ్తున్నా.