పాత టోపోషీటులో గొలుసుకట్టు చెరువులను చదవడం

ఏ చెరువు మత్తడి దుంకితే నీళ్లు ఏ కుంటకు పోయేవో తేల్చుకోవాలంటే వెంచర్లు పడకముందటి సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు, చెరువులు, దారులు చూపే పటం) చూడాలి. వరంగల్‌ వాళ్లకు ఒక్క షీటు చాలదు. రెండు షీట్లకు సరిహద్దైన 18 డిగ్రీల అక్షాంశం నగరం నడుమ నుంచే పోతుంది. వేయిస్తంభాల గుడి 56 ఎన్/12 నంబరు షీటులో, కోట 56 ఓ/9లో పడతాయి. అంచున ముద్రణ ఏడాది, సర్వే ఏడాది వేర్వేరుగా ఉంటాయి. సర్వే ఏడాదినే లెక్కలోకి తీసుకోవాలి.

నీలిరంగును మాత్రమే వెతికితే సగం గొలుసు తెగిపోతుంది. ఏడాదంతా నీళ్లుండేవే నీలం. వానకాలం మాత్రమే పారే ఒర్రెలు నల్లగీతలు, ఎండే కుంటల్లో నీలం ఉండదు. అందుకే ముందు కట్టలను గుర్తుపట్టండి. కట్ట ఉన్న దిక్కే పల్లం. అక్కడి నుంచి గీత పట్టుకొని కిందికి పోతే తర్వాతి చెరువు దొరుకుతుంది. కట్ట పక్కన అంకె వెంట ‘ఆర్’ ఉంటే అది పక్క నేల నుంచి కట్ట ఎత్తు, సముద్రమట్టం నుంచి కాదు. 1:50,000 షీట్లలో కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) అంతరం మామూలుగా 20 మీటర్లు. మన చెలకల వాలు అందులో చిక్కదు.

షీటును క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో అసలు స్థానంలో కూర్చోబెట్టేటప్పుడే ఎక్కువ మంది దెబ్బతింటారు. మడతపెట్టిన షీటును ఫోన్‌తో ఫొటో తీస్తే పనికిరాదు, పరిచి స్కాన్ చేయించాలి. 15 నిమిషాల (డిగ్రీలో పావు వంతు) షీటులో 5 నిమిషాలకొక గుర్తు చొప్పున 16 బిందువులు దొరుకుతాయి. నాలుగు మూలలతో సరిపెట్టకుండా అన్నీ ఇవ్వండి, కాగితం ఎక్కడ సాగిందో తెలుస్తుంది. ఆ అక్షాంశ రేఖాంశాలు ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి పాత సర్వే వాడిన లెక్క) మీదివి. అందుకే జాబితాలో ఆ గోళాభం మీది కల్యాణ్‌పూర్ 1975 ఎంచుకొని, ఆ తర్వాతే జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84కు మార్చాలి. నేరుగా డబ్ల్యూజీఎస్ 84 అని ఇస్తే మన దగ్గర చెరువులన్నీ వంద మీటర్లకు మించి జరుగుతాయి. జాబితాలో ‘ఇండియన్ 1975’ కూడా కనబడుతుంది, అది థాయ్‌లాండ్‌ది. సరిచూడటానికి రోడ్లు వద్దు, వాటిని వెడల్పు చేసి ఉంటారు. పాత కట్టల కొసలు, గుట్ట మీది త్రిభుజం గుర్తు నమ్మదగినవి.

శిఖం (చెరువు నీట మునిగే) భూమి తగాదాకు మాత్రం ఈ షీటును తీసుకుపోవద్దు. 1:50,000లో అర మిల్లీమీటరు గీతంటే నేల మీద 25 మీటర్లు, పైగా సర్వే నంబర్లు ఉండవు. దానికి గ్రామ నక్షా (సర్వే నంబర్ల పటం), టీపన్ (పొలం కొలతల పటం), సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు) కావాలి.