ఎర్ర అంకెల గొడవ

రాత్రి కరెంటు పోయి వచ్చిందని గేటు దగ్గరే వాచ్‌మన్ చెప్పేడు. లోపలికెళ్ళి చూస్తే స్టూడియోలో, వార్తలు చదివేవాళ్ళకి ఇంకా ఎంత టైముందో చూపించడానికి పాత కంప్యూటర్లతో నేను చేసిన మూడు టైమర్లలో రెండు బుద్ధిగా టైమ్ చూపిస్తున్నాయి, మూడోది మాత్రం నల్లటి తెరేసుకుని కీబోర్డులో ఎఫ్1 నొక్కితే గానీ కదలనని కూచుంది. తేదీ చూస్తే 2002 జనవరి 1. కరెంటు లేనప్పుడు తేదీ, సెట్టింగులు గుర్తుంచే సీమాస్ బ్యాటరీ చచ్చిందన్నమాట.

మాది బరంపురంలో చిన్న కేబుల్ ఛానెల్. ఒడియా వార్తలు అరగంట, తెలుగు వార్తలు పావుగంట. 1936 దాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, తెలుగు బులెటిన్ ఒక్కరోజు ఆగినా బడా బజార్ నుంచి ఫోన్లు మొదలవుతాయి. మొన్నమొన్నటి దాకా మా టైమర్ అంటే ఫ్లోర్ మేనేజర్ మామ వేళ్ళే. రెండు వేళ్ళు చూపిస్తే రెండు నిమిషాలు, ఒకటి చూపిస్తే ఒకటి, గుప్పిట బిగిస్తే అయిపోయినట్టు. ఇప్పుడు మామకి మోకాళ్ళ నొప్పులు, అంతసేపు నిలబడలేకపోతున్నాడు. అసలు టైమర్ డిస్‌ప్లే కొందామంటే ఓనరు గారు రేటు చూసి, గోదాంలో అన్ని కంప్యూటర్లు పడున్నాయి కదయ్యా అన్నారు.

ఉన్నవి ఏడు పెంటియం 4 డబ్బాలు, విండోస్ ఎక్స్‌పీ కాలం నాటివి (ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే దండం పెట్టేసింది). మూతలు విప్పితే ఒకదాంట్లో బల్లి గుడ్లు, రెండింట్లో కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బిపోయి ఉన్నాయి. ఇందులోది అందులో పెట్టి అందులోది ఇందులో పెట్టి మొత్తానికి మూడు లేపేను. విండోస్ బదులు 32 బిట్ డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, డెస్క్‌టాప్ లేకుండా, ఆన్ అవగానే నేను పైథాన్‌లో రాసిన పేజీన్నర ప్రోగ్రాము ఒక్కటే తెర నిండా వచ్చేలా పెట్టేను. మొదట్లో సెకను ఆగి ఒకటి తగ్గించు, మళ్ళీ సెకను ఆగు అని రాసేను, తెలివి తక్కువ పని, పావుగంట అయ్యేసరికి మూడు సెకన్లు వెనక్కి పోయింది. ఎప్పుడు ముగియాలో ఆ టైమ్ ముందే గుర్తు పెట్టుకుని ప్రతిసారీ గడియారంతో తీసేయాలి, అలా మార్చేక కుదిరింది. ఆ గడియారాలైనా ఊరికే వదిలేస్తే వాటిని నడిపే క్రిస్టల్‌లో మిలియన్‌కి 20 వంతుల తేడా ఉన్నా రోజుకి 1.7 సెకన్లు అటో ఇటో పోతుంది. అందుకని ఒకటి ఎన్‌టీపీ అని, గడియారాలు దిద్దుకునే పద్ధతిలో నెట్ నుంచి టైమ్ తెచ్చుకుంటుంది, మిగతా రెండూ దాన్ని చూసి దిద్దుకుంటాయి.

పాత పెట్టె మోనిటర్ కూడా ఒకటి పెట్టి చూసేం గానీ వైడ్ షాట్‌లో దాని మీద చారలు పాకేయి, మన వీడియోకి సెకనుకి 25 ఫ్రేములు, అదేమో 60 సార్లు గీస్తుంది. తీసి పారేసి ఎల్‌సీడీలు పెట్టేం. ఫ్యాన్ల హోరు కాలర్ మైక్‌లోకి వచ్చేస్తోందని డబ్బాలు పక్కనున్న పీసీఆర్‌లో, అంటే ప్రోగ్రాము నడిపే కంట్రోల్ రూములో పెట్టి, గోడకి కన్నం కొట్టి పొడుగు వీజీఏ కేబుళ్ళు లాగేం. అంకెల పక్కన కాస్త నీడ పడుతోంది. పడనీ, చదవడానికి చాలు.

వాచీల కొట్లో సీఆర్2032 బ్యాటరీ దొరికింది. అది వేసి, కీబోర్డు లేకపోయినా ఆగొద్దు, కరెంటు రాగానే నీ అంతట నువ్వే లేచిపో అని బయోస్‌లో, అంటే కంప్యూటరు లేవగానే మొదట చూసుకునే సెట్టింగుల్లో పెట్టేను. ఆ రెండింటికీ ముందే చేసేను, దీనికే మర్చిపోయేను.

సాయంత్రం తెలుగు చదివే మేడమ్ వచ్చి, అసలు సంగతి చెప్పనా అంది. ఆఖరి 30 సెకన్లు అంకెలు ఎర్రగా మారేలా పెట్టేను, చాలా గొప్ప ఐడియా అనుకున్నాను. "ఆ ఎరుపు చూస్తే నా నోరు దానంతట అదే పరిగెత్తుతోంది, రోజూ పది సెకన్ల ముందే అయిపోయి వెర్రిమొహం వేసుకుని కూచుంటన్నాను" అంది. నిజమే, వారం నుంచి ఆ ఖాళీ కనిపిస్తూనే ఉంది, నేనేమో స్క్రిప్టు చిన్నదైపోయిందని డెస్క్ వాళ్ళని తిడుతున్నాను. ఎరుపు తీసేసి తెల్ల అంకెలే ఉంచేను. ఈ రోజు ఆవిడ నమస్కారం పెట్టేసరికి తెర మీద 00:02. మామ అయితే పక్కన కుర్చీలో కూచుని, ఎవరూ అడక్కపోయినా గుప్పిట బిగించేడు.

హమ్మయ్య అనుకుంటూంటే ఒడియా బులెటిన్ అవగానే అది చదివే ఆయన నేరుగా పీసీఆర్‌లోకే వచ్చేసేడు. నాలిటా కుఆడే గలా, ఎరుపు ఏమైపోయింది అంటాడు. అది లేకపోతే ఆయనకి ముగించాలని తట్టదట, ఇవాళ యాడ్ మీదకి నాలుగు సెకన్లు ఎక్కేసేడు. ఇంక రేపు ఆ ప్రోగ్రాములో ఎవరి బులెటిన్‌కి వాళ్ళ రంగు అని ఇంకో నాలుగు లైన్లు రాయాలి.