మార్చి నెలలో జపాన్ వీడ్కోలు పాటలు

జపాన్‌లో విద్యాసంవత్సరం మార్చితో ముగిసి ఏప్రిల్‌లో మళ్లీ మొదలవుతుంది కాబట్టి, చెర్రీ పూలు పూర్తిగా విచ్చుకోక ముందే అక్కడి బడులలో వీడ్కోలు పాటలు వినిపిస్తాయి. ఏటా ఈ రోజులలో నేను వాటిని వరుసగా వింటాను. వాటిలో నా మనసును పూర్తిగా పట్టేసినది రాడ్‌వింప్స్ అనే రాక్ బృందం పాడిన ‘సేకాయ్’. ఆ మాటకు సరైన జవాబు అని అర్థం. 2018లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కార్యక్రమం కోసం పుట్టిన ఈ పాటను పద్దెనిమిదేళ్లకు అటూ ఇటూగా వయసున్న వెయ్యి మంది ఆ బృందంతో గొంతు కలిపి పాడారు. బడిలో నేర్చుకున్న ప్రశ్నలన్నింటికీ జవాబులు ఉన్నాయి గానీ, గొడవపడిన ప్రాణస్నేహితుడితో మళ్లీ ఎలా కలిసిపోవాలో ఎవరూ నేర్పలేదన్న బాధ ఇందులో ఉంది. పాట ముగింపు, పరీక్ష హాలులో వినిపించే ప్రకటనలా సాగుతుంది: జవాబు పత్రమూ, గడువూ రానున్న జీవితమే. ఆ చోట నాకు ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది.

కొత్త పాటలు ఎన్ని వచ్చినా, 1991లో చిచిబు నగరంలోని కగెమోరి మాధ్యమిక పాఠశాలలో పుట్టిన ‘తబిదాచి నో హి ని’ (బయలుదేరే రోజున) పాటను పిల్లలు నేటికీ పాడుతున్నారు. దానికి సాహిత్యం రాసినది ఆ బడి ప్రధానోపాధ్యాయుడు, బాణీ కట్టినది సంగీతం నేర్పే ఉపాధ్యాయురాలు. రెమియోరోమెన్ బృందం 2004లో విడుదల చేసిన ‘మార్చి 9’ కథ మరీ ముచ్చటైనది: నేడు వీడ్కోలు సభలలో వినిపించే ఆ పాటను వారు నిజానికి స్నేహితుల పెళ్లి కోసం రాశారు.