వోచరు లేని సలహాలు

తిరుపతిలో ఒక హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాస్తాను. వోచరు లేనిదే ఒక్క రూపాయి పుస్తకంలోకి ఎక్కించను. అలాంటిదాన్ని, ఇక పిల్లల్ని కనాలి అనుకోగానే ఫోన్‌లో ప్రకటన చూసి రూ.1,800 పెట్టి గర్భసంచిని శుద్ధి చేసే పొడి తెప్పించాను. డబ్బా మీద ఏడు మూలికల పేర్లున్నాయి, ఏది ఎంతుందో లేదు. మా షాపులో సిమెంటు బస్తా మీద కూడా బరువు రాసుంటుంది కదా! మూత తీయని ఆ డబ్బా ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.

అప్పటినుంచి ఎవరేం చెప్పినా ఒక పాత లెడ్జర్ వెనక పేజీల్లో రాసుకుంటున్నా. చెప్పిందెవరు, ఎందుకు, ఆధారమేంటి. మూడో గడి చాలావరకు ఖాళీ.

మొదటి పేజీ నిండా మా అత్తే. బొప్పాయి, అంటే మా వైపు పరంగికాయ, ఇంట్లోకే రాకూడదంది. "ఎందుకత్తా?" అంటే "మా అత్త చెప్పింది" అంది. వెతికితే ఎలుకల మీద చేసిన ప్రయోగం ఒకటి దొరికింది. పచ్చికాయ పాలకు గర్భసంచి బిగుసుకుంది, బాగా మాగిన పండు రసానికి అలా కాలేదు. అత్త సగం కరెక్టే. ఆ మాట చెబితే "చూశావా!" అని లేచి వెళ్లిపోయింది, రెండో సగం వినలేదు.

కుంకుమపువ్వు తింటే బిడ్డ తెల్లగా పుడుతుందన్న మాటకైతే ఆ సగం కూడా లేదు. బిడ్డ రంగు జన్యువుల్ని బట్టి వస్తుంది. తెల్లగానే ఎందుకు పుట్టాలి అన్నది వేరే గొడవ.

నాకు కోపం వచ్చింది మాత్రం ఎవరూ చెప్పని దాని మీద. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. సరిగా మూసుకోకపోతే బిడ్డకు పుట్టుకతోనే లోపం. నెల తప్పిందని తెలిసి, డాక్టరు దగ్గర టోకెన్ దొరికేసరికి ఆ గడువు దాటిపోవచ్చు. అందుకే గర్భం కోసం ప్రయత్నం మొదలుపెట్టినప్పటినుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు, 12 వారాల దాకా వేసుకోమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. దీనికి వోచరుంది. ముందు కాన్పులో బిడ్డకు ఈ లోపం వచ్చిన తల్లులతో బ్రిటన్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ చేయించిన ట్రయల్ ఫలితాలు 1991లో వచ్చాయి. ఫోలిక్ యాసిడ్ వేసుకున్నవాళ్లలో అదే లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. వాళ్లకిచ్చింది రోజుకు 4 మిల్లీగ్రాములు.

మెడికల్ షాపులో అడిగితే 5 మిల్లీగ్రాముల స్ట్రిప్ చేతిలో పెట్టాడు. నాకు కావాల్సింది 0.4, అంటే ఆ 400 మైక్రోగ్రాములే. చుక్కలూ సున్నాలూ చూసుకోవడమే నా ఉద్యోగం కాబట్టి కొనకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మీకు అంత డోసు అక్కర్లేదని చిన్నది రాసిచ్చారు. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ టెస్టులు రాశారు. రుబెల్లా టీకా వేయించుకున్నారా అని కూడా అడిగారు, వేయించుకుంటే తర్వాత ఒక నెల ఆగాలట.

అప్పటిదాకా సలహాలన్నీ నాకే. ఆవిడ మాత్రం మా ఆయన వైపు తిరిగి "సిగరెట్ అలవాటుందా?" అన్నారు. వీర్యకణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, ఇవాళే మానేయండి అన్నారు. ఈయన ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

లెడ్జర్‌లో ఆయన పేరు మీద అదే మొదటి ఎంట్రీ.