రెండడుగుల గట్టు మీద ఎస్ప్రెసో: అనంతపురంలో నా అనుభవం

ఎస్ప్రెసో మెషిన్ కొనాలనుకున్నాక నేను మొదట తీసింది టేపు. సాయినగర్‌లో మాది అద్దెకున్న పైపోర్షన్. వంటగదిలో ఒకరు దోసె పోస్తుంటే ఇంకొకరు ఫ్రిజ్ తలుపు తీయడానికి కుదరదు. కడప బండతో వేసిన గట్టు, వెడల్పు రెండడుగులు. దాని మీద స్టవ్, మిక్సీ, నీళ్ల క్యాను, ఉప్పూ కారాల డబ్బాలు. మిక్సీకీ ఎడమవైపు గోడకూ మధ్య తొమ్మిది అంగుళాలు మిగిలింది. పైన పదహారు అంగుళాల ఎత్తులో అర, అదీ కడప బండే. మెషిన్ ఏదైనా సరే, అందులో పట్టాలి. ఫ్రిజ్ మీద పెట్టుకుందామని మా ఆయన సలహా. వేడినీళ్లు చిమ్మే వస్తువును తలకంటే ఎత్తులో పెట్టుకుని వాడడం నావల్ల కాదన్నాను.

టవర్ క్లాక్ దగ్గర ఒక షాపుకు వెళ్లి అడిగితే గాజు జగ్గు ఉన్న కాఫీ మేకర్ చూపించారు. అది బొట్టుబొట్టుగా నీళ్లు కారుస్తుంది, ప్రెషర్ ఉండదు. ఎస్ప్రెసోకు మెత్తటి పొడి గుండా సుమారు 9 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలిచే లెక్క) ఒత్తిడితో, 90 నుంచి 96 డిగ్రీల వేడి నీళ్లు వెళ్లాలి. ఆ తేడా చెబితే, "అక్కా, కాఫీ వస్తుంది కదా, ఇంకేం కావాల?" అన్నాడు ఆ అబ్బాయి. అతనన్నదీ నిజమే. మా ఇంట్లో ఇత్తడి ఫిల్టర్ ఉండనే ఉంది, పొద్దున అత్తయ్యకు డికాక్షన్ దాంట్లోనే. నాకు కావాల్సింది మధ్యాహ్నం చిన్న కప్పులో పాలు లేకుండా తాగే కాఫీ. బెంగుళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో అలవాటైంది, పోలేదు.

మెషిన్లను కళ్లారా చూడాలంటే మళ్లీ బెంగుళూరే దిక్కు. మనకు 200 కిలోమీటర్ల చిల్లర, రైలెక్కితే అయిపోతుంది. టేపు సంచిలో వేసుకుని వెళ్లాను. అక్కడ మూడు నచ్చాయి. గాజియా క్లాసిక్: కాఫీ పొడి వేసే బుట్ట 58 మిల్లీమీటర్లు, పెద్ద హోటళ్ల మెషిన్లలో ఉండే సైజు, గట్టి స్టీలు. కానీ వెడల్పు తొమ్మిది అంగుళాలు, అంటే నా సందు మొత్తం అదే. పైగా బాయిలర్ వేడెక్కి నిలకడ కావడానికి పావుగంట వదిలేయాలి. బ్రెవిల్ బాంబినో: 54 మిల్లీమీటర్ల బుట్ట, క్షణాల్లో వేడెక్కుతుంది, పాలు చక్కగా నురగ వస్తాయి. డెలోంగి డెడికా: వెడల్పు 15 సెంటీమీటర్లు, అంటే ఆరంగుళాలు. ఎత్తు పన్నెండు అంగుళాలు, బుట్ట 51 మిల్లీమీటర్లు. మూడింటిలో కాఫీ బాగా వచ్చేది ఏదని అడిగితే డెడికా అని చెప్పను. కానీ మూడింటిలో సన్నది, నా సందులో హాయిగా పట్టేది అదే.

డబ్బా మీద '15 బార్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే దాన్ని పట్టించుకోకండి. అది పంపు ఎంతవరకు తోయగలదో చెప్పే లెక్క. కప్పు కాఫీకి అంత అక్కర్లేదు.

కొలతల్లో వెడల్పు ఒక్కటే చూస్తే సరిపోదు. నేను చూసిన చిన్న మెషిన్లన్నిటికీ స్టీమ్ గొట్టం కుడివైపే. కుడి పక్కన గోడ ఉంటే పాల గిన్నె తిప్పడానికి చేయి ఆడదు. మా గోడ ఎడమవైపు ఉండడం కలిసొచ్చింది. నీళ్ల ట్యాంకు వెనక ఉంటుంది, పైన అర అడ్డం, కాబట్టి నీళ్లు పోయాలంటే మెషిన్‌ను ముందుకు లాక్కోవాలి. నాలుగు కిలోల మెషిన్ కాబట్టి వస్తుంది. ఆ తేలికతోనే తంటా కూడా: పొడి బుట్ట ఉన్న పిడిని తిప్పి బిగించేటప్పుడు మెషిన్ మొత్తం బండ మీద తిరిగిపోతుంది. ఎడమచేత్తో నెత్తి మీద అదిమి పట్టుకుని కుడిచేత్తో బిగించాలి.

తర్వాత కరెంటు. మా గట్టు మీదున్నది మామూలు 6 యాంప్ ప్లగ్గు. 230 వోల్టుల లెక్కన దాని హద్దు 1380 వాట్లు. ఈ మెషిన్లు 1300 నుంచి 1600 వాట్ల దాకా లాగుతాయి. హద్దు మీద రోజూ నడపడం నాకు ఇష్టం లేదు. ఓనరుగారిని అడిగితే, "గోడ పగలగొట్టకుండా చేసుకోమ్మా" అన్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు నుంచి లావు వైరు పైపైనే పట్టీలో తెచ్చి పవర్ ప్లగ్గు పెట్టాడు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడుపుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి. వంటగదిలో అదీ నీళ్ల పక్కన!

అన్నిటికంటే నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది నీళ్లు. మా బోరు నీళ్లలో టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపించేది) పెడితే వెయ్యి దాటింది. మా జిల్లా నీళ్ల సంగతి తెలియనిదేముంది, గీజర్ కాయిల్ మార్చినప్పుడు దాని మీదున్న సున్నం పెచ్చులు నేనే గీకాను. అదే సున్నం ఈ మెషిన్‌లో సన్నటి గొట్టాల్లో పడితే లోపలికి చేయి పెట్టి తీసేది లేదు. కొందరు వారంటీ ఇచ్చేటప్పుడే సున్నం పట్టి పాడైతే మా బాధ్యత కాదని రాస్తారు, ఆ కాగితం కొనేముందే చదవండి. మరి ఆర్‌వో నీళ్లు పోస్తే? మావి 40 దగ్గర చూపిస్తాయి. సున్నం పట్టదు, నిజమే. కానీ కాఫీ చప్పగా, పస లేకుండా వస్తుంది. పొడిలోంచి రుచి లాగడానికి నీళ్లలో కాస్త కాల్షియం, మెగ్నీషియం ఉండాలి. కాఫీవాళ్లు చెప్పే లెక్క టీడీఎస్ 150 చుట్టుపక్కల. ఆర్‌వోలో దాన్ని పెంచే చిన్న స్క్రూ ఉంటుంది. సర్వీసుకొచ్చిన అబ్బాయిని తిప్పమంటే, "వద్దక్కా, నీళ్లు తియ్యగుండవు" అని ఒప్పుకోలేదు. తాగే నీళ్లు మార్చడం నాకూ ఇష్టం లేక, సీసాలో పదొంతులు ఆర్‌వో నీళ్లకు ఒక వంతు బోరు నీళ్లు కలుపుతున్నాను. మీటర్ 130 చూపిస్తుంది. టీడీఎస్, నీళ్ల గట్టిదనం (అంటే సున్నం ఎంతుందో) ఒకటే కావు, ఇది మోటు లెక్క. అయినా నాలుక తేడా పట్టేసింది. ఆ కాస్త సున్నానికి అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు నీళ్లలో కరిగించి మెషిన్‌లోంచి పంపి, ఆ తర్వాత రెండు ట్యాంకుల మంచినీళ్లతో కడుగుతాను. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పే, సిట్రిక్ యాసిడ్ అంటే అదే.

ఇంక గ్రైండర్. మెషిన్‌కు పెట్టే డబ్బులో కొంత దీనికి తీసి పెట్టకపోతే కొనడం దండగ. మిక్సీలో వేస్తే సగం పిండి, సగం రవ్వ అవుతుంది, నీళ్లు రవ్వ ఉన్నచోట దారి చేసుకుని పారిపోతాయి. గట్టు మీద ఇంకో కరెంటు సామానుకు చోటు లేదు కాబట్టి చేత్తో తిప్పే గ్రైండర్ తీసుకున్నాను, అది సొరుగులో పడుకుంటుంది. మా ఫిల్టర్ కాఫీ పొడి ఎస్ప్రెసో మెషిన్‌లో వేయొద్దు. అందులో చికోరీ, అంటే కాఫీలో కలిపే ఒక వేరు పొడి, ఉంటుంది. చట్టం ప్రకారం అలాంటి మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంటే మిగతాదంతా చికోరీ కావచ్చు. అది తడిస్తే జిగటగా మారి జల్లెడ కన్నాలు మూసుకుపోతాయి. నేను చిక్కమగళూరు గింజలు, కుదిరినప్పుడు అరకు గింజలు తెప్పిస్తాను, వేయించిన తేదీ ప్యాకెట్ మీద ఉంటేనే. ఈ రెండు అరబికాలకూ 2019లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే ముద్ర) వచ్చింది.

డెడికాతో వచ్చే బుట్ట అడుగున ఒకే చిన్న కన్నం ఉంటుంది. పొడి ఎలా ఉన్నా నురగ తెప్పిస్తుంది, అది పొడి గొప్పతనం కాదు. నేను మామూలు జల్లెడ బుట్ట, 51 మిల్లీమీటర్లది, విడిగా కొన్నాను. అప్పటినుంచి అసలు పని మొదలైంది. నగల కాటా మీద పదహారు గ్రాముల పొడి తూచి, సమంగా పరిచి, అదిమి, బిగించి, కప్పు కాటా మీదే పెట్టి బటన్ నొక్కుతాను. ఏడెనిమిది సెకన్లు ఏమీ రాదు. తర్వాత రెండు చుక్కలు, ఆ పైన బెల్లం పాకంలా సన్నటి తీగ. ముప్ఫై సెకన్లలోపు ముప్ఫై రెండు గ్రాములు వచ్చిందా, ఆపేయడమే. పది సెకన్లకే నిండితే పుల్లగా ఉంటుంది, పొడి ఇంకా మెత్తగా పట్టాలి. చుక్కచుక్కగా ఏడుస్తుంటే చేదు, కాస్త లావు చేయాలి.

పాల విషయంలో అత్తయ్య అభ్యంతరం ఇప్పటికీ తీరలేదు. నురగకు ఫ్రిజ్‌లోని చల్లటి పాలే మంచివి, 65 డిగ్రీల దగ్గర ఆపాలి, దాటితే కాగిన వాసన వస్తుంది. "ఏమ్మా, పాలు పొంగనే లేదు, కాఫీ ఎట్లవుతుంది?" అంటుంది. ప్యాకెట్ పాలు డెయిరీలోనే వేడిచేసినవి అత్తయ్యా అని చెప్పాను. తను మాత్రం పొంగించిన పాలతో తన గ్లాసు తను కలుపుకుంటుంది.

కింద పోర్షన్ అక్క చూసి తనకూ కావాలంది. వాళ్లింట్లో ఐదుగురు, అందరూ ఒకేసారి కూర్చుని తాగుతారు, గట్టు మీద పవర్ ప్లగ్గు లేదు. ఒక్కొక్కరికీ నేను చేసినట్టు చేయాలంటే అక్కకు పొద్దున స్టవ్ దగ్గరికి పోవడానికి వీలుండదు. మోకా పాట్ తీసుకోమన్నాను. 1933లో ఇటలీలో పుట్టిన కాఫీ పాత్ర, ఒత్తిడి ఒకటి రెండు బార్లే కాబట్టి ఎస్ప్రెసో కాదుగాని చిక్కగా ఉంటుంది, గ్యాసు మీద నడుస్తుంది. అల్యూమినియంది ఇండక్షన్ మీద పనిచేయదని కూడా చెప్పాను. ఆరు కప్పులది తెప్పించుకుంది. దానికి పొడి నా గ్రైండర్‌లోనే పట్టుకుపోతోంది, నాదానికంటే లావుగా.