హాయిగా గడిపారు

ఆ రెండు మాటలు సాయంత్రం నుంచీ నన్ను వదలడం లేదు. పెద్దవాళ్ళని పగటిపూట చూసుకునే డే కేర్ సెంటర్ వాళ్ళూ, ఇంటివాళ్ళూ ఒకరికొకరు రాసుకుని పెద్దవాళ్ళ సంచిలో పెట్టి పంపే నోటుపుస్తకంలో ఇవాళ కూడా "హాయిగా గడిపారు" అనే ఉంది. నిన్నా అదే, మొన్నా అదే. ఆ పుస్తకం విషయంలో నేను సర్దుకుపోలేను.

ఇంట్లో రాత్రి గడవాలంటే తెలియాల్సినవి వేరే ఉన్నాయి. నీళ్ళు ఎన్ని మిల్లీలీటర్లు లోపలికి వెళ్ళాయి? "మూడు గ్లాసులు" అంటే చాలదు, పోసిన గ్లాసు సగం అలాగే మిగిలిపోతుంది. భోజనం సగం తిన్నారా, పావు తిన్నారా? ఆఖరుసారి బాత్రూంకి ఎన్నింటికి తీసుకెళ్ళారు? మధ్యాహ్నం మూడు దాటాక నిద్రపోయారా? ఆ వేళ గంటసేపు పడుకున్న మనిషి అర్ధరాత్రి లేచి కూర్చుంటే దాన్ని మొండితనం అనకూడదు. రోజంతా వీల్ చైర్‌లో ఉండేవాళ్ళకైతే పిరుదుల దగ్గర, తోక ఎముక దగ్గర చర్మం చూడాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. ముదురు చాయ వాళ్ళలో ఎరుపు సరిగ్గా కనబడదు, చేత్తో తాకి వేడి, గట్టిదనం పోల్చుకోవాలి. అది రాసి పంపితే ఆ రాత్రే పక్కకి తిప్పి పడుకోబెడతారు. రాయకపోతే తెలిసేసరికి చర్మం లేచిపోయి ఉంటుంది.

ఇదంతా రాస్తుంటే పార్కిన్సన్ (ఒళ్ళు బిగుసుకుని కదలిక మందగించే జబ్బు) ఉన్న ఒక పెద్దాయన గుర్తొచ్చారు. కదలిక కోసం వేసే లెవోడోపా మాత్ర నాలుగు గంటలకోసారి. ఇంట్లో ఏడింటికి, సెంటర్లో పదకొండుకి, మళ్ళీ మూడింటికి. ఆరోజు ఆయన ఆలస్యంగా లేచారు, మాత్ర తొమ్మిదింటికి పడింది. పుస్తకంలో మాత్రం "ఉదయం మాత్ర ఇచ్చాం" అని ఉంది, టైము లేదు. సెంటర్లో అలవాటు ప్రకారం పదకొండుకి ఇంకోటి ఇచ్చారు. రెండు గంటల తేడాలో రెండు మాత్రలు. భోజనానికి లేవబోతే తూలిపోయారు. పడుకోబెట్టి చూస్తే పై బీపీ 130, నిలబెట్టి చూస్తే 104. చేతులు, మెడ వాటంతటవే మెలికలు తిరుగుతున్నాయి. అవి మందు ఎక్కువైన గుర్తులు, కానీ నీళ్ళు తక్కువై ఉంటాయనుకుని నీళ్ళు పట్టించారు. మళ్ళీ తూలి పడతారేమోనన్న భయంతో మూడింటి మాత్ర ఎవరినీ అడగకుండా ఆపేశారు. దాంతో మందు పనితనం తగ్గి, నాలుగింటికి వ్యాన్ మెట్టు దగ్గర ఆయన కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. చెయ్యి పట్టుకుని ముందుకి లాగారు. అలా లాగకూడదు, పైభాగం ముందుకొచ్చి పాదాలు అక్కడే ఉండిపోతే బోర్లా పడతారు. ఆగమని చెప్పి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి నెమ్మదిగా మార్పించి, ముందు నేల మీద ఒక గీత చూపించి "ఇది దాటండి" అంటే కదిలేవారు. ఇంత జరిగితే ఆ సాయంత్రం పుస్తకంలో రాసింది "కొంచెం నీరసంగా ఉన్నారు".

ఇందాకటిదాకా సెంటర్ మీదే కోపంగా ఉన్నాను. కానీ ఇది రాశాక చూస్తే మొదట టైము వదిలేసింది ఇంటివైపు. ఇళ్ళ నుంచి వచ్చే పేజీలూ అంతే, "రాత్రి మామూలే" అని ఉంటుంది. రాత్రి మూడుసార్లు పక్క తడిసిందనీ, తలుపు తీసుకుని బయటికి వెళ్ళబోయారనీ రాయరు. నిజం రాస్తే రేపటి నుంచి చేర్చుకోరేమోనన్న భయం. కొన్నిచోట్ల నిజంగానే చేర్చుకోరు కాబట్టి ఆ భయాన్ని తప్పు పట్టలేను. చేర్చుకునేటప్పుడే "పక్క తడిస్తే పంపించెయ్యం, బాత్రూంకి రెండు గంటలకోసారి మేమే తీసుకెళ్తాం" అని ఖాయంగా చెప్పాలి. అప్పుడు రాస్తారు.

గడులు కొట్టిన అచ్చు ఫారాలు పెడితే సరిపోతుందని ఇదివరకు అనేదాన్ని. ఇప్పుడు అనను. సాయంత్రం వ్యాన్ హారన్ వినబడుతుంటే అన్ని గడుల్లోనూ ఒకేసారి టిక్కులు పడిపోతాయి. కాగితం పని జరిగే చోటే ఉండాలి: బాత్రూం తలుపు వెనక ఒకటి, మందుల పెట్టె మూతకి ఒకటి. నీళ్ళకైతే గీతలున్న సీసా మనిషికొకటి ఇస్తే చాలు, చివర్లో మిగిలింది చూసి తీసివేయొచ్చు. ఇంటివాళ్ళని "రాత్రి ఎలా గడిచింది" అని కాకుండా "ఎన్నిసార్లు లేచారు, పొద్దున మాత్ర ఎన్నింటికి వేశారు" అని అడగాలి. అంకె అడిగితే అంకే చెబుతారు.

అన్నట్టు, ఇవాళ్టి పేజీలోనే కింద మూలగా, పెన్సిల్‌తో, ఇంకెవరిదో చేతిరాత: "తువ్వాళ్ళు 14 మడతపెట్టారు. ఇంకా ఉన్నాయా అని అడిగారు."