శుభలేఖ మీద హిగ్గిన్‌బాటమ్

ఆండర్సన్ స్ట్రీట్‌లో శుభలేఖలు అచ్చేసేవాడిని ఇంటిపేరుతో కంగారు పెట్టడం కష్టం. గుర్రం, ఏనుగు, ఉప్పల, మిరియాల, వంకాయల, చింతకాయల, అన్నీ మా మిషను మీద నడిచినవే. పిల్లి వారబ్బాయికీ పాలపర్తి వారమ్మాయికీ ఒకసారి కార్డు వేశాం. ప్రూఫు చదివిన మా డీటీపీ అమ్మాయి ఆ పూటంతా నవ్వుతూనే ఉంది. కానీ మొన్న శ్రావణ మాసం ముహూర్తాలకు వచ్చిన ఒక ఆర్డరు మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

అమ్మాయి వాళ్ళది నెల్లూరు వైపు కుటుంబం. తాతల కాలంలోనే చెన్నైకి వచ్చేశారు, ఇప్పుడు ఉండేది వలసరవాక్కంలో. అబ్బాయి ఇంగ్లండువాడు, మాంచెస్టర్ పక్కనున్న స్టాక్‌పోర్ట్. ఇంటిపేరు హిగ్గిన్‌బాటమ్. మ్యాటరు తెచ్చింది అమ్మాయి మేనమామ. కాగితం నా ముందు పెట్టి, పక్కన కార్డులు చూస్తున్న వాళ్ళను ఓసారి గమనించి, గొంతు తగ్గించి అడిగారు.

"ఏమండీ, ఈ చివర బాటమ్ అనేది తీసేసి, మౌంట్ రోడ్డులో హిగ్గిన్‌బాథమ్స్ పుస్తకాల షాపుంది చూడండి, అట్టా బాథమ్ అని వేస్తే ఏం పోతుంది? రెండూ ఒకటేనంట గదా. మా ఆఫీసువాళ్ళొస్తారు, పెద్దాళ్ళొస్తారు. కార్డు తెరవంగానే బాటమ్ అని కనపడితే బాగుంటదా?"

"పాస్‌పోర్టులో ఎలా ఉందండీ?"

"టీ టీ ఓ ఎమ్మే. పెళ్ళిలో పాస్‌పోర్టు ఎవురు చూస్తారు లెండి."

ప్రూఫు ఇవ్వడానికి కొంచెం టైమ్ అడిగాను. నాకో పాత జబ్బుంది. మా దగ్గరకు వచ్చే కార్డుల్లోని ఇంటిపేర్లన్నీ ఒక లాంగ్‌నోట్‌బుక్కులో ఎక్కిస్తుంటాను. ఊరి పేర్లు ఒక పక్క, వృత్తులు ఒక పక్క, ఎటూ తేలనివి వెనక పేజీల్లో. హిగ్గిన్‌బాటమ్‌ను ఎటు రాయాలో తేల్చుకుంటే తప్ప నిద్రపట్టేలా లేదు.

తేలింది. మన గుంటూరి, ఏలూరి వారిలాగే అదీ ఊరి పేరే. ఇంకా విచిత్రమేమిటంటే, ఇప్పటి ఇంగ్లీషులో పిర్ర అనే అర్థం కూడా ఉండి మేనమామగారిని అంత ఇబ్బంది పెట్టిన ఆ బాటమ్‌కు పాత ఇంగ్లీషులో అర్థం లోయ అడుగున ఉండే పల్లపు నేల. లాంకషైర్, యార్క్‌షైర్ మధ్య పెన్నైన్ కొండలున్నాయి. వాటి పక్కల నుంచి వాగులు దిగుతాయి, వాగు పక్కన పల్లంలో నాలుగిళ్ళు వెలుస్తాయి. ఆ ఇళ్ళ గుంపుకు ఏదో ఒక బాటమ్ అని పేరు. రామ్స్‌బాటమ్ అనే పట్నం ఇప్పటికీ ఉంది, బరీ ఊరికి ఉత్తరాన. లాంగ్‌బాటమ్, వింటర్‌బాటమ్, సైడ్‌బాటమ్, షఫుల్‌బాటమ్, ఇవన్నీ ఆ వైపు ఇంటిపేర్లే. లండన్‌లోనూ వీటిని చూసి నవ్వుకుంటారు. నవ్వే లండన్‌వాడికి ఆ కొండలు తెలియవు, అంతే.

క్రికెట్ చూసేవాళ్ళకు ఇంకో మాట చెప్పాలి. 1980లో బొంబాయి టెస్టులో సెంచరీ కొట్టి, 13 వికెట్లు కూడా తీసి మనల్ని ఏడిపించిన ఇయాన్ బోథమ్ గుర్తున్నాడు కదా? ఆ బోథమ్ కూడా ఈ పల్లం మాటే. పాత ఇంగ్లీషులోనే దీన్ని 'ట' పలికి ఒక రకంగా, 'థ' పలికి ఒక రకంగా అనేవారు. అంటే 'థ' పెట్టుకున్నవాళ్ళందరూ సిగ్గుపడి మార్చుకున్నవాళ్ళేమీ కాదు. సిగ్గుతో మార్చుకున్నవాళ్ళూ ఉన్నారనుకోండి. సైడ్‌బాటమ్ ఇళ్ళలో కొందరు అదే స్పెల్లింగు ఉంచుకుని 'సిడ్డీబొటోమ్' అని పలికించుకునేవారట. ఇంగ్లండుకు ఆడిన ఎడమచేతి బౌలర్ రయాన్ సైడ్‌బాటమ్ మాత్రం ఉన్న పేరుతోనే వికెట్లు తీసుకున్నాడు.

ఇక ముందున్న హిగ్గిన్. బోల్టన్ పట్నానికి తూర్పున, బ్రైట్‌మెట్ వైపు, ఓకెన్‌బాటమ్ అని ఒక చోటుంది. ఓక్ చెట్ల పల్లం. ఈ ఇంటిపేరుకు పుట్టిల్లు అదేనని ఎక్కువమంది పండితుల మాట. ఓకెన్ కాస్తా ఈకెన్ అయింది, ఈకెన్ ఇకెన్ అయింది. ఆ ప్రాంతపు యాసలో హికిన్, హిగిన్ అంటే రోవన్ అనే ఇంకో కొండచెట్టు. వినేవాళ్ళు ఆ చెట్టే అనుకుని ముందు ఒక 'హ' చేర్చేశారు. ఓక్ చెట్టు అలా రోవన్ చెట్టయిపోయింది. మన చింతలపాటి వారు, తుమ్మలపల్లి వారు ఇంకా ఆ చెట్ల కిందే ఉన్నారు, వీళ్ళకు చెట్టే మారిపోయింది.

బోల్టన్ అంటే నూలు మిల్లుల ఊరు. 1779లో శామ్యూల్ క్రాంప్టన్ స్పిన్నింగ్ మ్యూల్ అనే నూలు వడికే మిషన్‌ను తయారుచేసింది అక్కడే. ఆ మిషన్ల నూలూ గుడ్డలూ ఓడలెక్కి వచ్చి మన కోస్తా చేనేతను ఏం చేశాయో నేను చెప్పనక్కర్లేదు. ఆ ఊరి పల్లంలో పుట్టిన పేరుకు ఇప్పుడు నేను నాలుగు మూలలా పసుపు రాసి కార్డు ఇవ్వాలి.

ఇంగ్లండులో వంశపారంపర్యంగా ఇంటిపేర్లు స్థిరపడింది 1066లో ఫ్రాన్సు వైపు నుంచి నార్మన్లు వచ్చి రాజ్యం గెలుచుకున్నాక, అదీ మూడు నాలుగు వందల ఏళ్ళ మీద, మెల్లగా. జాన్లు, విలియమ్‌లు, రాబర్ట్‌లు ఊరు నిండా ఉంటే పన్ను రాసుకునేవాడికి ఎవరు ఎవరో తెలియాలి కదా. 1377, 1379, 1381 సంవత్సరాల్లో తలపన్ను వేసినప్పటి జాబితాలు ఇప్పటికీ ఇంటిపేర్లు వెతికేవాళ్ళకు పెద్ద ఆధారం. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఓకెన్‌బాటమ్‌లో ఉన్నంతకాలం ఎవడినీ ఓకెన్‌బాటమ్ అని పిలవరు. అక్కడ అందరిదీ ఆ ఊరే. వాడు ఊరు వదిలి పక్క ఊరికి పోతేనే ఆ పేరు అంటుకుంటుంది. నెల్లూరులో కూర్చున్నవాణ్ణి నెల్లూరి వారు అనరుగా! అందుకే ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరు ఎక్కడ ఎక్కువగా ఉందో చూస్తే సరిగ్గా ఆ ఊళ్ళో ఉండదు, దాని చుట్టుపక్కల ఉంటుంది.

హిగ్గిన్‌బాటమ్ సంగతీ అంతే. ఈ పేరు చిక్కగా కనిపించేది మాంచెస్టర్‌కు దక్షిణంగా, తూర్పుగా: యాష్టన్-అండర్-లైన్, స్టాక్‌పోర్ట్, గ్లాసప్. లాంకషైర్, చెషైర్, డెర్బీషైర్ మూడు జిల్లాలు కలుసుకునే మూల. ఓకెన్‌బాటమ్ నుంచి స్టాక్‌పోర్ట్‌కు 30 కిలోమీటర్లు కూడా ఉండదు, మా ప్యారిస్ కార్నర్ నుంచి తాంబరం వెళ్ళినంత. మన పెళ్ళికొడుకు వాళ్ళ వంశం ఇన్ని వందల ఏళ్ళలో నడిచింది అంతే! నెల్లూరు నుంచి వలసరవాక్కం వచ్చిన మన పెళ్ళికూతురు వాళ్ళే నయం.

స్పెల్లింగు దగ్గరకొద్దాం. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాసి ఉంచాలని ఆజ్ఞ వేయించాడు. రాసేవాడు చర్చి గుమాస్తానో, ఫాదరో. చెప్పేవాడికి చదువు రాదు. చెవికి ఎలా వినబడితే అలా రాశారు. ఒకే ఇంట్లో అన్నకు ఒక స్పెల్లింగు, తమ్ముడికి ఇంకోటి. షేక్‌స్పియర్ సంతకాలు 6 మిగిలాయి, వాటిలోనే స్పెల్లింగు ఒక తీరుగా లేదు. ఇది ఆశ్చర్యమనిపిస్తే నా కౌంటర్ దగ్గర ఒక గంట కూర్చోండి. చౌదరి అన్న ఒక్క మాటకు ఓ-డబ్ల్యూ కావాలని ఒకరు, ఓ-యూ అని ఒకరు, హెచ్ వదిలేశావేమని ఇంకొకరు. అందరూ బాబాయ్ పెదనాన్నల పిల్లలే.

ఊరు దాటిన హిగ్గిన్‌బాథమ్‌లలో మనకు తెలిసినాయన ఏబెల్ జాషువా. మద్రాసులో వెస్లియన్ మిషన్ పుస్తకాల దుకాణంలో పనిచేసి, దాన్నే కొనుక్కుని 1844లో సొంత పేరు పెట్టాడంటారు. మౌంట్ రోడ్డులో ఇప్పుడున్న తెల్ల భవనం 1904 నాటిది. ఆ తర్వాత రైల్వే ప్లాట్‌ఫారాల మీద వాళ్ళ స్టాళ్ళు. తెలుగు వారపత్రిక కోసం గూడూరులో రైలు దిగి పరిగెత్తిన తరానికి ఆ పేరు పలకడం ఒక కళ. మా నాన్న ఒక్కనాడూ పూర్తిగా పలకలేదు. "హిగ్గిను కొట్టు" అనేవాడు.

ఇదే పేరు ఒకే 'జీ'తో కూడా తిరిగింది. డబ్లిన్‌లో పుట్టిన జార్జ్ హిగిన్‌బోథమ్ ఆస్ట్రేలియా వెళ్ళి, 1886లో విక్టోరియాకు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. 1958లో అమెరికాలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఆసిలోస్కోప్ అనే, కరెంటు అలలు చూపించే పరికరం తెర మీద టెన్నిస్ ఆట ఆడించిన విలియం హిగిన్‌బోథమ్‌దీ ఒకటే 'జీ'. వీడియో గేముల చరిత్ర రాసేవాళ్ళు ఆయన్ను వదలరు. నాకు ఒళ్ళు పులకరించింది మాత్రం మూడో ఆయన దగ్గర. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనకు అధ్యక్షుడు హార్లో హిగిన్‌బోథమ్. ఆ ప్రదర్శనలో భాగంగా జరిగిందే వివేకానందుడు మాట్లాడిన సర్వమత సభ. ఆయన్ను పంపడానికి మా ఊరి తిరువల్లిక్కేణి అళసింగ పెరుమాళ్ ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేశారు. ఇటు కొస మద్రాసులో ఒక హిగ్గిన్‌బాథమ్, అటు కొస చికాగోలో ఒక హిగిన్‌బోథమ్!

మరి వీళ్ళంతా ఒకే రక్తమా? పేరు ఎంత అరుదైతే ఆ అవకాశం అంత ఎక్కువ. లెస్టర్ యూనివర్సిటీలో ట్యూరీ కింగ్, మార్క్ జోబ్లింగ్ 40 ఇంటిపేర్లవాళ్ళ వై క్రోమోజోములు, అంటే తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చేవి, పోల్చి 2009లో చెప్పింది అదే. స్మిత్‌లలో ఎవడి దారి వాడిది. స్మిత్ అంటే కమ్మరి, కమ్మరి ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు కదా. అటెన్‌బరో లాంటి అరుదైన పేరు ఉన్నవాళ్ళు మాత్రం చాలావరకు ఒకే మూలపురుషుడి దగ్గరకు చేరారు. అయితే సముద్రం దాటాక ఈ లెక్క నమ్మలేం. అమెరికాలో బానిసలకు యజమానుల ఇంటిపేర్లు అంటుకున్నాయి, నల్లవాళ్ళలో ఎందరో వాటినే ఇప్పటికీ మోస్తున్నారు. పేరు కలిసినంత మాత్రాన అన్నదమ్ముల వరస కలిపేస్తే మన దగ్గర చెల్లుతుందేమో, అక్కడ చెల్లదు.

మేనమామగారు మళ్ళీ వచ్చినప్పుడు ఫోన్లో ఇంకో బొమ్మ తెచ్చారు. సింహాలు, కవచం, రిబ్బను. "ఇది వాళ్ళ వంశ ముద్రంట. నెట్లో దొరికింది. గోల్డు ఫాయిల్లో పైన వేసేద్దాం." వద్దన్నాను. ఇంగ్లండులో ముద్రలు మనుషులకిస్తారు, ఇంటిపేర్లకు కాదు. 1484 నుంచి ఆ పని చూస్తున్న కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ వాళ్ళే ఆ మాట చెబుతారు. పేరు టైపు చేస్తే ముద్ర అమ్మే సైట్లు వ్యాపారమే తప్ప మరేం కాదు. ఫాయిల్ డబ్బులు నాకే వచ్చేవి, అయినా సరే.

బాటమ్ సంగతి నేను ఊళ్ళూ వాగులూ కొండలతో సహా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. చివరికి ఆయన్ను కదిలించింది చరిత్ర కాదు, మా అబ్బాయి ఐడీ కార్డు కథ. మద్రాసులో ఇనీషియల్ అంటే తండ్రి పేరు. వాడు బడిలో చేరినప్పుడు మా ఇంటిపేరు విడదీసి, తండ్రి పేరు అన్న చోట దాన్నే అచ్చేసి ఇచ్చారు. ఏడాది పాటు వాడికి తండ్రి నేను కాదు, మా తాతల ఊరు. ప్యారిస్ కార్నర్‌కు పేరిచ్చిన థామస్ ప్యారీ వేల్స్‌వాడు. వాళ్ళ భాషలో ప్యారీ అంటే హ్యారీ కొడుకు. ఆయన ఇప్పుడు మద్రాసులో ఫారం నింపితే ఏ పేచీ ఉండేది కాదు. మనకే తంటా. "రేపు పెళ్ళి రిజిస్ట్రేషన్‌కు ఈ కార్డు జతచేస్తారు, పాస్‌పోర్టులో ఒకటి, కార్డులో ఒకటి ఉంటే అమ్మాయి వీసా దగ్గర ఏమంటారో ఆలోచించండి" అన్నాను. వీసా మాట వినగానే ఆయన మొహం మారింది.

"అయితే టీ టీ ఓ ఎమ్మే వేసెయ్యండి."

అలాగే వేశాం. ఇంగ్లీషు వైపు టీ టీ ఓ ఎం, తెలుగు వైపు హిగ్గిన్‌బాటమ్, ముత్యాల్లాంటి అక్షరాలతో. పురోహితుడు గోత్రం అడిగితే కాశ్యప అని రాయించారట, దాని గురించి నన్నెవరూ అడగలేదు. 500 కార్డులు, క్రీమ్ మ్యాట్ బోర్డు. తాంబూలం సంచుల ఆర్డరు కూడా నాకే ఇచ్చారు. వాటి మీద మాత్రం ఇద్దరి పేర్లూ చాలు, ఇంటిపేర్లు వద్దన్నారు మేనమామగారు.